రిక్రూటర్ దగ్గరే ఆగిపోతే మనం ల్యాప్‌టాప్ పట్టిన మేస్త్రీలమే



పోస్టు పెద్దదే. ఓపిక ఉన్నోళ్ళు చదవండి. కోపం వస్తే కింద తిట్టండి, కానీ మొత్తం చదివాక తిట్టండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక అన్న రాశాడు. "ఎంబీఏ హెచ్‌ఆర్ చేసి హైదరాబాద్‌లో పొద్దస్తమానం ఫోన్లు చేసుకుంటూ బతికే బదులు ఊరికొచ్చి గ్రూప్స్‌కి చదువుకోండి. హెచ్‌ఆర్ అనేది ఆడపిల్లల టైంపాస్ ఉద్యోగం" అని. లైకులు బాగానే పడ్డాయి. దాని కింద ఇంకో తమ్ముడు "నేను హెచ్‌ఆర్‌నే అన్నా, నెలకు 18 వేలు, ఏసీ ఆఫీసు, ఏం తక్కువ?" అని జవాబిచ్చాడు. దానికీ లైకులు పడ్డాయి.

ఇద్దరూ తప్పే అంటాను. తమ్ముడు చేసేది హెచ్‌ఆర్ కాదు. అన్న తిట్టిందీ హెచ్‌ఆర్‌ని కాదు. ఇద్దరూ మాట్లాడుతున్నది రిక్రూటర్ ఉద్యోగం గురించి. బోర్డు మీద, ఐడీ కార్డు మీద "హెచ్‌ఆర్" అని ఉంటుంది కాబట్టి మనకు ఆ తేడా తెలియట్లేదు. నాకూ మూడేళ్ళు తెలియలేదు.

నేను భద్రాచలం ఐటీడీఏ కింద ఊరి పిల్లని. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఎంబీఏ చేసి, ఒక కన్సల్టెన్సీలో చేరాను. రోజుకు 80 కాల్స్, వారానికి ఇన్ని లైనప్‌లు, నెలకు ఇన్ని జాయినింగ్‌లు. జాయినింగ్ రోజు మనిషి గేటు లోపలికి వెళ్ళి సెల్ఫీ పంపితే నా పని అయిపోయినట్టు. ఆ తర్వాత అతను తిన్నాడా, జీతం పడిందా అనేది నా షీటులో ఏ కాలమ్‌లోనూ లేదు. ఒక్క కాలమ్ మాత్రం ఉండేది, అరవై రోజులు నిలబడ్డాడా లేదా అని. అది కూడా అతని కోసం కాదు, కంపెనీ మాకు కట్టే కమీషన్ కోసం.

నన్ను ఎందుకు తీసుకున్నారో కొన్నాళ్ళకు అర్థమైంది. నాకు కోయ వచ్చు. ఏజెన్సీ మండలాల్లో చుట్టాలున్నారు. జాబ్ మేళాకి కంపెనీ వ్యాను వెళ్తే జనం దగ్గరికి రారు, నేను వెళ్తే వస్తారు. మా మేనేజర్ దాన్ని "నీ నెట్‌వర్క్" అనేవాడు. అవి మా అత్తలు, మామలు, బావల ఇళ్ళు.

2022లో మా మండలం నుంచి పదకొండు మంది పిల్లల్ని మేడ్చల్ వైపు ఒక గోదాముకు పంపాను. "16 వేల జీతం" అని చెప్పాను. అబద్ధం చెప్పలేదు, నాకిచ్చిన కాగితంలో అదే ఉంది. నలభై రోజుల్లో తొమ్మిది మంది తిరిగొచ్చేశారు. ఒక పిల్లవాడి అమ్మ ఫోన్ చేసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వే కదా బిడ్డా తీస్కపోయినవు, మనపిల్లవని పంపిన" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకు లేదంటే ఆ 16 వేలు ఏంటో అప్పటికి నాకే తెలియదు.

ఇప్పుడు తెలుసు కాబట్టి లెక్క రాస్తున్నా. గ్రాస్ 14,000. అందులో పీఎఫ్ లెక్కించే వేతనం 12,000 అనుకోండి. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 12 శాతం, అంటే 1,440. కంపెనీ ఈఎస్ఐ వాటా 3.25 శాతం, 455. ఇవన్నీ కలిపితే 15,895. చిల్లర ఛార్జీలు కలిపి 16 వేలు. అదే సీటీసీ, అదే మైకులో చెప్పేది. ఇక పిల్లవాడి వాటా పీఎఫ్ ఇంకో 1,440, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 105, కోసేస్తే చేతికి 12,455. రూముకి 2,500, వ్యానుకి వెయ్యి పట్టుకున్నారు. మిగిలింది 8,955. తిండి అందులోనే. ఇంటికి ఏం పంపుతాడు?

పీఎఫ్ కోత తప్పని నేను అనట్లేదు. అది వాడి డబ్బే, కంపెనీ వాటా కూడా వాడిదే. కానీ యూఏఎన్ నంబర్ వాడికి ఎవరూ ఇవ్వలేదు, ఆధార్ లింక్ చేయలేదు. కాబట్టి తిరిగొచ్చాక ఆ డబ్బు ఎక్కడుందో కూడా తెలియదు. ఈఎస్ఐ కార్డు ఉంటే ఇంట్లోవాళ్ళకీ వైద్యం ఉంటుందని ఒక్కరూ చెప్పలేదు. చెప్పాల్సింది ఎవరు? హెచ్‌ఆర్. నేనెవర్ని? ఐడీ కార్డు ప్రకారం హెచ్‌ఆర్!

మిర్చి కోతలకు ముఠాలు కట్టి తీసుకెళ్ళే మేస్త్రిని మనందరం చూశాం. తలకింత అని పుచ్చుకుంటాడు, అడ్వాన్సు ఇస్తాడు, మన భాషలో మాట్లాడతాడు, చేను దగ్గర దింపి వెళ్ళిపోతాడు. నేను చేసింది అదే. మేస్త్రి దగ్గర డైరీ ఉంటుంది, నా దగ్గర ఎక్సెల్ ఉంది. ఆమాటకొస్తే మేస్త్రి చేను దగ్గరే పడుకుంటాడు కాబట్టి నాకంటే నయం.

ఇది కొత్త కథ కూడా కాదు. తెల్లోళ్ళ కాలంలో ఛోటానాగపూర్ ఆదివాసుల్ని అస్సాం తేయాకు తోటలకు తోలినవాళ్ళని అర్కటీలు అనేవాళ్ళు. మిల్లుల్లో జాబర్, ముకద్దం, మేస్త్రి అనేవాళ్ళు. పనిలో పెట్టేదీ వాడే, తీసేసేదీ వాడే, లంచం తినేదీ వాడే. ఈ దోపిడీ చూసి 1931లో రాయల్ కమిషన్ ఆన్ లేబర్ చెప్పిందేంటంటే, కూలీల్ని చేర్చుకునే పని జాబర్ల చేతుల్లోంచి తీసి లేబర్ ఆఫీసర్లకు ఇవ్వమని. ఆ తర్వాత 1948 ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది పైన పనిచేసే చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండి తీరాలని పెట్టారు. ఇవాళ మనం హెచ్‌ఆర్ అంటున్న ఉద్యోగానికి ఈ దేశంలో ఒక పెద్ద వేరు అక్కడుంది. మేస్త్రి పెత్తనం తగ్గించడానికి పుట్టిన ఉద్యోగం. అలాంటి ఉద్యోగం పేరు తగిలించి మనల్ని మళ్ళీ మేస్త్రీలని చేస్తున్నారు, మనమేమో ఏసీ ఆఫీసని మురిసిపోతున్నాం.

అందుకే తమ్ముడూ, నీ 18 వేల మీద నాకు కోపం లేదు. కానీ ఐదేళ్ళయినా నువ్వు కాల్సే చేస్తుంటే నీ విలువ పెరగదు. ఇరవై రెండేళ్ళ పిల్ల నీకంటే తక్కువ జీతానికి అదే పని చేస్తుంది. రెజ్యూమెలు వడపోసే పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. నైట్ షిఫ్టులో అమెరికా ఐటీ రిక్రూటర్‌గా చేసేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. డబ్ల్యూటూ, సీటూసీ, బెంచ్ సేల్స్, అన్నీ నోటికొచ్చు. గ్రాట్యుటీ ఎన్నేళ్ళకు వస్తుందంటే తెల్లమొహం. అక్కడి పన్నుల భాష ఇక్కడి ఫ్యాక్టరీలో ఎందుకూ పనికిరాదు.

రెండో వైపు అన్నకు చెప్తున్నా. గ్రూప్స్ రాయండి, నేనెందుకు వద్దంటా? తెలంగాణలో మన రిజర్వేషన్ 2022లో 6 నుంచి 10 శాతం అయింది, సంతోషం. కానీ ఏజెన్సీలో టీచర్ పోస్టులు నూరు శాతం స్థానిక గిరిజనులకే అన్న జీవో నంబర్ 3 ఏమైంది? 2000లో వచ్చింది, 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. మా అక్క వయసు వాళ్ళకు ఊళ్ళోనే టీచర్ ఉద్యోగం అనే దారి ఉండేది, మా చెల్లెళ్ళకు అది సన్నబడింది. మన పిల్లలు ఎక్కువమంది వెళ్ళబోయేది ప్రైవేటులోకే, రిజర్వేషన్ లేని చోటికే. అక్కడ జీతం ఎట్లా విడగొట్టాలో రాసేవాడు, ఎవర్ని పర్మనెంట్ చేయాలో ఎవర్ని కాంట్రాక్టరు కింద పెట్టాలో చెప్పేవాడు, ఎంక్వైరీలో కూర్చునేవాడు ఎవరు? ఆ కుర్చీలో మనవాళ్ళు ఎంతమంది కనిపించారు మీకు? నాకు ఒక చేతి వేళ్ళు మిగిలాయి.

ఇక "ఆడపిల్లల ఉద్యోగం" అన్నమాట. అన్నా, ఆ గోదాములో కూడా ఆడపిల్లలు పనిచేస్తున్నారు. పదిమంది పైన ఉన్న ప్రతి చోటా లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తుంది. ఆ కమిటీ కాగితం మీద ఉందా, నిజంగా ఉందా అని అడిగే ఆడమనిషి లోపల ఒకరు ఉంటే అది టైంపాస్ కాదు. కులం పేరుతో, తెగ పేరుతో అవమానిస్తే వినడానికి అలాంటి కమిటీ చట్టంలో అసలు లేనే లేదు, అది వేరే పోస్టు రాయాలి.

నేను అడిగాను, మా మేనేజర్నే. "సార్, పేరోల్ సైడు పంపండి, నేర్చుకుంటా" అని. "నీకు ఫీల్డే బాగా సూటవుతుంది" అన్నాడు. నాతోపాటు చేరిన ఇద్దరిని మాత్రం ఆర్నెల్లలో లోపలికి తీసుకున్నారు. బయట ఒక ఇంటర్వ్యూలో "మీవైపు అన్నలు తిరుగుతారా?" అని అడిగారు, పీఎఫ్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. కాబట్టి కష్టపడితే అదే వస్తుందని నేను చెప్పను. తలుపు తీయరు. వేరే తలుపు వెతకాలి.

నేను వెతికింది చిన్న కంపెనీ. 140 మంది పనిచేసే మందుల ఫ్యాక్టరీ, హెచ్‌ఆర్ మొత్తం ఇద్దరే. జీతం నాలుగు వేలు తగ్గింది. ఇంట్లో గొడవైంది, మా నాన్న రెండు నెలలు సరిగా మాట్లాడలేదు. కానీ ఇద్దరే ఉన్న చోట ఇది నా పని కాదు అనడానికి ఉండదు. హాజరు, జీతాల షీటు, ప్రతి నెలా 15 లోపు పీఎఫ్ ఈసీఆర్ ఫైల్ చేయడం, ఈఎస్ఐ నమోదు, క్యాంటీన్ గొడవ, కాంట్రాక్టరు లైసెన్సు, అన్నీ మీద పడ్డాయి. మొదటి మూడు నెలలు ఏడ్చాను. ఏడాదిన్నరలో, ఎంబీఏ రెండేళ్ళలో నేర్వనిది నేర్చుకున్నా. పెద్ద పేరున్న కంపెనీలో రిక్రూటర్‌గా ఉండేకంటే పేరు లేని ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ అసిస్టెంటుగా ఉండటం మంచిదని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, పర్లేదు.

చదువుకోవడానికి టైము కూడా ఇదే. 29 కార్మిక చట్టాలు కలిపి చేసిన నాలుగు కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. కార్మిక సంఘాలు వీటిని ఎందుకు వ్యతిరేకిస్తున్నాయో అదీ చదవండి, నేను వాటిని పొగడట్లేదు. కానీ పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మేనేజరూ ఇవాళ కొత్తగానే చదువుకోవాలి. మనం వెనకబడి మొదలుపెట్టనక్కర్లేని ఒకే ఒక్క సబ్జెక్టు ఇప్పుడు ఇది. అపాయింట్‌మెంట్ లెటర్ అందరికీ ఇవ్వాలి. అలవెన్సులు సగం దాటితే దాటినంత వేతనంలో కలపాలి. ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకు ఐదేళ్ళు కాదు, ఏడాదికే గ్రాట్యుటీ. మానేసినా తీసేసినా రెండు పనిరోజుల్లో జీతం బాకీ తీర్చాలి. కోతలన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు. వెల్ఫేర్ ఆఫీసర్ ఇకమీద 250 మంది ఉన్న చోటే ఉండాలి. అంటే పోస్టులు పెరగాలి. ఎంఎస్‌డబ్ల్యూ చదివి ఎన్జీవో ప్రాజెక్టుల కోసం ఎదురుచూస్తున్న మన పిల్లలు ఎంతమంది ఉన్నారు! ఈ పోస్టు వాళ్ళ చదువుకు దగ్గరిదని వాళ్ళ లెక్చరర్లు చెప్పరా?

ఇంకా చదవగలిగేవాళ్ళు ఆంధ్రా యూనివర్సిటీలో ఎంహెచ్‌ఆర్‌ఎం చూడండి, టిస్ చూడండి. యూజీసీ నెట్‌లో లేబర్ వెల్ఫేర్, హెచ్‌ఆర్ఎం కలిపి ఒక సబ్జెక్టు ఉంది. ఆ స్కోరుతో కొన్ని ప్రభుత్వరంగ సంస్థలు హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌లను తీసుకున్నాయి, అక్కడ మనకు ఏడున్నర శాతం ఉంది. అన్నా, మీ గ్రూప్స్ పుస్తకాల పక్కన ఈ సిలబస్ కూడా పెట్టుకోవచ్చు.

"హెచ్‌ఆర్ అయినా యజమాని మనిషే కదా, లోపలికెళ్ళి ఏం పీకుతావు" అని ఒక తమ్ముడు మెసెంజర్‌లో అడిగాడు. నిజమే, జీతమిచ్చేది కంపెనీ. నేను యూనియన్ కాదు. పోయిన సంవత్సరం ఇద్దరిని తీసేసిన ఉత్తరం మీద సంతకం నాదే, ఆ రాత్రి నిద్రపట్టలేదు. కానీ అదే ఫ్యాక్టరీలో ఒరిస్సా నుంచి వచ్చిన పద్నాలుగు మంది కాంట్రాక్టు పిల్లలకు యూఏఎన్ నంబర్లు చేయించి, ఒక్కొక్కరి ఫోన్‌లో పాస్‌బుక్ తెరిచి చూపించింది కూడా నేనే. ఎవరినీ ఎదిరించలేదు, ధర్నా చేయలేదు. చట్టంలో ఉన్నది మేనేజర్ ముందు పెట్టి, తనిఖీకి వస్తే జరిమానా ఎంతో చెప్పాను, అంతే. సంతకం పెట్టేశాడు. ఆ పద్నాలుగు మందిలో ముగ్గురు ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తారు.

మేడ్చల్ నుంచి తిరిగొచ్చిన తొమ్మిది మందిలో నలుగురి పీఎఫ్ తర్వాత తీయించగలిగాను. మిగతావాళ్ళవి పేరులో అక్షరం తేడా, పుట్టినతేదీ తేడా అని ఇంకా తిరుగుతున్నాయి. ఆ అమ్మ కొడుకుది మిగతావాటిలో ఉంది.

ఇప్పుడు రిక్రూటర్లుగా ఉన్నవాళ్ళకు ఒక పని. ఈ నెల మీరు జాయిన్ చేయించిన మనిషికి మొదటి జీతం పడ్డాక పేస్లిప్ అడగండి. అర్థం కాకపోతే పేరు, నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. ఆదివారం నాకు సెలవు, కూర్చుని లెక్క కడదాం. ఆఫర్ లెటర్లున్నా పెట్టండి, సీటీసీ ఎంతో చేతికెంతో చూద్దాం. ఎంఎస్‌డబ్ల్యూ వాళ్ళు కామెంట్లో చెప్పండి, వెల్ఫేర్ ఆఫీసర్ అర్హతల గురించి విడిగా రాస్తా.

జోహార్.