ఇంట్లోనే ఉండమంటున్నారు, ఆ ఇంటి సంగతి చూడండి

శ్రీ పొంగులేటి శ్రీనివాస రెడ్డి గారికి,
రెవెన్యూ, గృహనిర్మాణ శాఖల మంత్రి, తెలంగాణ.

మంత్రిగారూ,

నల్లగొండ నుంచి రాస్తున్నాను. ఎండలు ముదరగానే అధికారులు మధ్యాహ్నం పూట బయటికి రావద్దని, ఇంటిపట్టునే ఉండమని చెబుతారు. మంచి మాటే. కానీ ఆ ఇల్లు ఎట్లా ఉందో ఎవరూ అడగడం లేదు.

మా వాడలో చాలా ఇండ్లు సిమెంటు రేకులవే. మధ్యాహ్నం రెండింటికి లోపల నిలబడితే నడినెత్తికి సెగ తగులుతుంది. ఫ్యాను వేస్తే ఆ సెగనే కిందికి తోస్తుంది. కిటికీకి కట్టిన తడి గోనెసంచి కాసేపటికే ఎండి గరగరలాడుతుంది. రంజన్‌లో నీళ్లు తప్ప ఏది ముట్టుకున్నా చురుక్కుమంటుంది, ఆఖరికి తలగడ కూడా. స్లాబు ఇండ్లవాళ్లకైతే అసలు బాధ పొద్దుగూకినంక మొదలవుతుంది. పగలంతా తాగిన ఎండను స్లాబు అర్ధరాత్రి దాటినా కక్కుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న బోడి రాతిగుట్టలూ అంతే. మగవాళ్లు వాకిట్లో నవారు మంచం వాల్చుకుంటారు. బాలింతలు, ఆడపిల్లలు, మంచం పట్టిన ముసలమ్మలు లోపలే మగ్గాలి. వారం పది రోజులు కంటి మీద కునుకు లేకపోతే ముసలి గుండె ఎంతకని తట్టుకుంటుంది?

2015 మే వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మంది రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. తెలంగాణలో అన్నింటికంటే ఎక్కువ దెబ్బతిన్నది ఉమ్మడి నల్లగొండ జిల్లా. 2025 ఏప్రిల్‌లో మీ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ప్రకటించినప్పుడు మనసారా సంతోషించాం. అయితే వడదెబ్బ మరణం అనగానే చేనుకో, ఉపాధి పనికో పోయి దారిలో కూలిపోయినవాళ్లే గుర్తొస్తారు. రాత్రి పడుకుని తెల్లారి లేవని అవ్వను మాత్రం వయసు మీద పడిందనుకుని సాగనంపుతాం. అది ఏ లెక్కలోకీ రాదు.

పాలమూరు పల్లెల్లో మందపాటి గోడల మట్టిమిద్దెలు ఉండేవి, లోపల చల్లగా ఉండేది. మళ్లీ అవే కట్టమని అడగను. ఏటా మిద్దెకు మట్టి ఎక్కించే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. ఉన్న కప్పుకే తెల్లపూత వేస్తే ఎండ చాలావరకు తిరిగి పైకే పోతుంది. 2010 ఎండలకు అల్లాడిన అహ్మదాబాద్ 2013లో వడగాలుల ప్రణాళిక రాసుకుంది, తర్వాత పేదల బస్తీల్లో కప్పులకు తెల్లసున్నం వేయించింది. మనకూ 2023 నుంచి కూల్ రూఫ్ విధానం ఉంది. కానీ అందులో 600 గజాల లోపు ఇండ్లకు అది ఇంటివాళ్ల ఇష్టం. మా రేకుల ఇండ్లు వంద గజాలైనా దాటవు. ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్ల గడప అవతలే ఆ విధానం ఆగిపోయింది.

ఇందిరమ్మ ఇండ్లకు 5 లక్షలు ఇస్తున్నది మీ శాఖే. ఆ స్లాబు మీద తెల్లపూతకు అయ్యే ఖర్చును విడిగా కలపండి, లబ్ధిదారు మీద వేయకండి. పాత రేకుల ఇండ్లకు మహిళా సంఘాల ద్వారా సున్నం, కూలి డబ్బులు ఇప్పించండి. ఇంట్లో పోయిన ముసలివాళ్ల మరణాలనూ వడదెబ్బ కింద విచారించమని తహసీల్దార్లకు చెప్పండి. పూత పని మాత్రం ఫిబ్రవరిలోనే అయిపోవాలి. మార్చి దాటితే పట్టపగలు ఆ రేకుల మీద కాలు పెట్టి సున్నం వేసే మనిషి దొరకడు.

ఇట్లు,
నల్లగొండ వాసి