తల్లిని చూసి పిల్లను



"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను" అని పెద్దలంటారు. కుక్కపిల్లను తెచ్చుకునేటప్పుడు కూడా ఈ మాట మరవరాదు.

మా బొల్లారంలో, మందుల కర్మాగారంలో పని చేసే నా పాత విద్యార్థి ఒకడు కొడుకు కోసం జర్మన్ షెపర్డ్ పిల్లను తెచ్చాడు. అమ్మినవాడు దారి పక్కన బుట్టలోంచి తీసి ఇచ్చాడు. తల్లి ఎక్కడున్నదని ఇతడు అడగలేదు. ఏడాది తిరగకముందే ఆ కుక్క మెట్లెక్కలేక మూలగసాగింది. పశువైద్యుడు ఎక్సురే తీసి, తుంటి కీలులో దోషమున్నదన్నాడు.

"నేనేం తప్పు చేసిన సార్?" అని ఆ పిల్లవాడు నన్ను అడిగాడు.

తప్పు వాడిది కాదు. ఎందుకో చూడండి. చిన్న గిన్నెలో నిమ్మకాయ పెట్టి తిప్పండి, చక్కగా తిరుగుతుంది. పళ్ళెంలో పెట్టి తిప్పండి, జారిపోతుంది. తొడ ఎముక తల నిమ్మకాయ వంటిది. అది ఇమిడే గుంట లోతుగా లేకపోతే ఎముక జారుతూ, కీలు అరిగిపోతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి పెద్ద జాతులలో ఇది ఎక్కువ. చాలావరకు తల్లిదండ్రుల నుంచే వస్తుంది. అందుచేత మంచి పెంపకందారు ముందు ఆ రెండింటికీ ఎక్సురే తీయించి, కీళ్ళు బాగుంటేనే జత చేస్తాడు. దోషం పూర్తిగా పోకపోయినా చాలా తగ్గుతుంది.

కాబట్టి మీ నాన్నగారితో కలిసి పెంపకందారు ఇంటికే వెళ్ళండి. తల్లి శుభ్రంగా, నెమ్మదిగా ఉన్నదా? ఎక్సురే కాగితాలు, టీకాల కార్డు చూపుతాడా? పిల్ల కళ్ళు, ముక్కు కారకుండా ఉన్నాయా? కుంటకుండా పరుగెత్తుతున్నదా? పొట్ట ఉబ్బి ఉంటే నులిపురుగులుండవచ్చు.

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదనీ, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలనీ 2017లో కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. ఎనిమిది వారాలు ఎందుకు? గట్టిగా కరవకూడదని పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోడబుట్టిన పిల్లలతో ఆడుతూనే.

ఇంటికి తెచ్చాక, త్వరగా ఎదగాలని అతిగా తినిపించకండి. వైద్యుడు చెప్పకుండా కాల్షియం మాత్రలు వేయకండి. పెద్ద జాతి పిల్లల ఎముకలకు అది మేలు కాదు, కీడు.

ఆ పిల్లవాడు తన కుక్కను వదలలేదు. బరువు పెరగనీయకుండా చూస్తూ, రోజూ సాయంత్రం మెల్లగా నడిపిస్తున్నాడు. మెట్ల దగ్గర మాత్రం తండ్రి ఎత్తుకుంటాడు. ఆ రోజు అడగని ప్రశ్నను ఆ తండ్రి ఇప్పుడు అందరికీ నేర్పుతున్నాడు: "ముందు తల్లిని చూపించండి."