తీగ మారిస్తే పాట మారదు



ఖరీదైన ఆడియో పరికరాలపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. స్పీకర్ తీగకు వేలు పోస్తేనే ఘంటసాల గొంతులోని అసలు మాధుర్యం తెలుస్తుందన్న మాట ఒప్పుకోలేను. 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు మోనోలో రికార్డయ్యాయి. రికార్డింగులోనే లేని ధ్వనిని ఏ తీగా పుట్టించలేదు. నాలుగైదు మీటర్ల దూరానికి తగినంత మందమున్న మామూలు రాగి తీగ చాలు.

తీగల సంగతే కాదు, డిస్కుల విషయంలోనూ ఇలాంటిదే తేలింది. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు ఆడియో పరిశోధకులు ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. హై రిజల్యూషన్ డిస్కును ఒకసారి నేరుగా, మరోసారి సీడీ ప్రమాణానికి (16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్) కుదించి, ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరిగ్గా పోల్చుకున్నవి 276. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది! ఇలాంటి పోలికల్లో రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండాలి. కాస్త గట్టిగా మోగేదే చెవికి మేలనిపిస్తుంది. షోరూముల్లో ఈ జాగ్రత్త ఎంతమంది తీసుకుంటారు?

మంచి స్పీకర్లకు పెట్టిన డబ్బు మాత్రం వృథా కాదు. తేడా అక్కడ నిజంగా వినిపిస్తుంది. గది ఇంకా ముఖ్యం. మా హాల్లో స్పీకర్లను మూలల్లోంచి రెండడుగులు ముందుకు జరిపి, మార్బుల్ నేల మీద జంపఖానా పరిచి, కిటికీలకు మందపాటి కర్టెన్లు కట్టాం. మృదంగం ఎడమవైపు మోత గుమ్మనడం తగ్గింది, వయొలిన్ విడిగా వినిపించింది.

వచ్చే సంచికలో గది, స్పీకర్ల అమరిక గురించి నిపుణులతో రాయించండి. సంగీతం మీద ఇష్టంతో కొత్తగా పరికరాలు కొనుక్కునే పిల్లలు అప్పుచేసి తీగలు కొనకూడదు.

– ఒక పాఠకుడు, విజయవాడ