కొండవాలు యిండ్లు - కార్చిచ్చు

మాఘము గడచి ఫాల్గునము ప్రవేశించునప్పటికి మన కొండలమీద ఆకు రాలుట చాలవఱకు పూర్తియగును. పగటివేళ ఎండుటాకులు గలగలలాడును. రాత్రివేళ దూరపు కొండల నడుమ ఎఱ్ఱని దండవలె నిప్పు వరుస కానవచ్చును. చూచుటకు వింతగా నుండును. కాని ఆ దండ యేవైపు సాగుచున్నదో చూచుకొనిన పిదపగాని నిదురపోవుటకు వీలులేని యిండ్లు మన గజపతి జిల్లా కొండవాలులందు పెక్కు కలవు. మన బడికి వచ్చు బాలబాలికలలో కొందఱి యిండ్లును అట్టివే. కావున ఈ విషయమును గూర్చి మా అభిప్రాయమును ఇచ్చట వ్రాయుచున్నాము.

కార్చిచ్చు అనగానే మనకు తోచునది, తాటిచెట్టంత మంట గోడవలె వచ్చి ఊరిని మ్రింగివేయుట. అట్టి మంటను ఆపుట పట్టణమునుండి రావలసిన ఫైరింజనుకే సాధ్యమనియు, అది రాకున్న దైవమే దిక్కనియు పెద్దలు సైతము చెప్పుచుందురు. ఈ తలంపు సరికాదని మా నమ్మకము. ఇండ్లు అంటుకొను విధము వేఱు. పెనుమంటకంటె ముందుగా గాలిలో నెగిరివచ్చు రవ్వలును, ఎండుటాకులను పట్టుకొని నేలమీద ప్రాకివచ్చు చిన్నమంటయు ఇంటిని అంటించును.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున పారడైజ్ అను ఊరు మిట్టమీద చెట్ల నడుమ నున్నది. 2018 నవంబరు 8న చెలరేగిన కార్చిచ్చులో 85 మంది మరణించిరి. ఆ ఊరును చుట్టుపట్లను కలిపి 18 వేలకు పైగా కట్టడములు కాలిపోయినవి. పిమ్మట తీసిన ఛాయాచిత్రములలో ఇండ్లు బూడిదయై యుండగా వాని ప్రక్కనే పెక్కు చెట్లు పచ్చగా నిలిచియున్నవి. మంట చెట్టునుండియే యింటికి దూకినచో ముందు చెట్టు కాలవలెను గదా! ఆ దేశపు అటవీశాఖలో చాలకాలము పరిశోధించిన జాక్ కోహెన్ ఈ సంగతిని ఏండ్ల క్రిందటనే చెప్పియున్నారు. కెనడాలో అడవినే తగులబెట్టి పరీక్షించినప్పుడు, మంటకు 10 మీటర్ల దూరమున నిలిపిన కొయ్యగోడలు కొన్నిమారులు అంటుకొన్నవి. 20, 30 మీటర్ల దూరమున నిలిపినవి అంటుకొనలేదు. ఇంటి భాగ్యమును నిర్ణయించునది అడవి మొత్తము కాదు. ఇల్లును, దాని చుట్టునున్న కొలది నేలయునే.

అమెరికావారి యింటికి కొయ్యగోడ శత్రువు. మన యింటికి మట్టిగోడ మిత్రము. పేడతో అలికిన మట్టిగోడ సులభముగా అంటుకొనదు. మన లోపమంతయు గడ్డికప్పులోను, గోడకు ఆనించిన గడ్డికుప్పలోను, చూరుక్రింద పేర్చిన కట్టెలలోను, దడిలోను ఉన్నది. దడి మాట ప్రత్యేకముగా చెప్పవలెను. వెదురుబద్దలతోను ముండ్లకంపతోను కట్టిన దడి వేసవిలో దీపపు వత్తివంటిది. కొండమొదట తగులుకొన్న నిప్పును తిన్నగా పెరటి తలుపుదాక తెచ్చును. శ్లాబు యిల్లు కట్టుకొన్నవారు తమకేమి భయమని యందురు. వారి కిటికీక్రింద కట్టెల మోపులు, ప్రక్కన గడ్డికప్పుతో పశువులసాల. ఆ సాల అంటుకొన్న శ్లాబు ఏమి కాపాడును?

కొండవాలు యిండ్లకు ఇంకొక ఆపద కలదు. నిప్పు ఎగువకు ప్రాకునప్పుడు దాని వేడి పైనున్న గడ్డిని ముందుగానే ఎండబెట్టును. వాలు 10 డిగ్రీలు పెరిగినకొలది వేగము సుమారు రెట్టింపగునని ఆస్ట్రేలియావారి లెక్క. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లాలోని కురంగణి కొండలలో నడకకు వెళ్లినవారు ఎండుగడ్డి వాలులో మంటకు చిక్కిరి. 20 మందికి పైగా అసువులు బాసిరి. కావున ఇంటికి పల్లపు దిక్కున మిగిలిన దిక్కులకంటె ఎక్కువ దూరము శుభ్రము చేయవలెను. మనవారు మాత్రము వాకిలి ముందర ముగ్గు వేయుదురు, పల్లపు దిక్కున చెత్త పోయుదురు!

నిప్పు పెట్టువారెవరు? మన అడవులలో దానంతట అది పుట్టు నిప్పు అరుదు. పోడు కొట్టువారిని, ఇప్పపువ్వు ఏరువారిని అందఱును తిట్టుదురు. ఇప్పచెట్టు క్రింద ఎండుటాకులున్న పువ్వు కానరాదని వానిని కాల్చుదురు. ఆ నిప్పు ఆఱక కొండకు ప్రాకును. 2021 ఫిబ్రవరి, మార్చి నెలలలో సిమిలిపాల్ అరణ్యము కాలినప్పుడును ఈ మాట వినబడినది. నిప్పు పెట్టుట తప్పే. అయినను తెల్లవాఱకమునుపే గంప నెత్తుకొని పోవు ఆడుదానికి చెట్టుక్రింద ఊడ్చుట ఇంకొక రెండు గంటల చాకిరి. ఆమెకు చట్టము చదివి వినిపించుటకంటె, ఒక పాత వలనో దుప్పటినో చెట్టుక్రింద పఱచుకొను సాయము చేయుట మేలు. బూడిద అంటని పువ్వుకు వర్తకుడు నాలుగు రూపాయలు ఎక్కువ యిచ్చిన, చీపురు తానే అడవికి నడచిపోవును.

నేడు ఆకాశమునుండి ఉపగ్రహములు నిప్పును కనిపెట్టుచున్నవి. దేహ్రాదూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఆ సమాచారమును రాష్ట్రములకు పంపుచున్నది. గొప్ప సౌకర్యమే. కాని ఆ పటములో ఒక్కొక్క చుక్క సుమారు 375 మీటర్ల చదరము. ఏ కొండ కాలుచున్నదో అది చెప్పును. ఎవరి చూరుక్రింద కట్టెలున్నవో చెప్పదు.

మఱి గడ్డికుప్పను దూరముగా జరుపుమని చెప్పుట సులభము. రెండు సెంట్ల స్థలములో యిల్లు, సాల, కుప్ప అన్నియు ఇమిడించుకొన్న పేదవాడు దానిని ఎక్కడికి జరుపును? ఒకని పెరటి కుప్ప ఇంకొకని కప్పుకు నిప్పు. ఇది ఒక్కొక్క యింటివాడు తన గడప లోపల తీర్చుకొనగల చిక్కు కాదు. అందుచేత మా సూచన యిది: కోతలు, నూర్పులు అయిన పిదప ఖాళీగా నుండు కళ్లములను ఊరుమ్మడి కుప్పలకు ఇయ్యవలెను. ఎవరి కుప్ప వారిదే. స్థలము మాత్రము అందఱిది, కావలి వంతులవారీ. గడ్డి దొంగిలింతురని, పశువులకు మోసుకొని రావలెనని కొందఱు ఆక్షేపింతురు. నిజమే, మోత కష్టమే. కప్పు కాలిన తరువాత వాసములు మోయుట అంతకంటె కష్టము.

ఇంకొక సంగతి తెలుగు ఉపాధ్యాయులముగా చెప్పవలసియున్నది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినది. ప్రకటనలు, హెచ్చరికలు ఒడియాలో వెలువడుట న్యాయమే, అది రాష్ట్రభాష. అయితే మన యిండ్లలో అవ్వలు, తాతలు తెలుగు మాత్రమే యెఱుగుదురు. కొండమీది వృద్ధులలో కొందఱికి సవరయే గతి. గాలి మళ్లినది, పశువుల పలుపులు విప్పుడు అన్న మాట వారి భాషలో చెవిని పడకున్న ప్రయోజనమేమి? గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయులుగా నుండి సవర నేర్చి, దానికి నిఘంటువు కూర్చిరి. అంతటి పని మనకు సాధ్యము కాకపోవచ్చును. ఒడియాలో వచ్చిన నాలుగు పంక్తులను తెలుగులోను సవరలోను పొరుగు వాకిట చెప్పగల పిల్లలు మన బడిలో కలరు. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. ఇచ్చటికి వచ్చినపిదప మాకు ఒడియా మాటలు విడమరచి చెప్పినది ఈ పిల్లలే.

మాఘ పూర్ణిమనాడు ఇచ్చట అగ్నిపూర్ణిమ జరుపుదురు. గడ్డిని మంట వేసి, గాలి యేవైపు వీచుచున్నదో చూచి పంటల ఫలము చెప్పుకొందురు. ఆనాటికే ఇంటి చుట్టునున్న ఆకులు ఊడ్చుట ముగియవలెనని మా కోరిక. ఊడ్చిన ఆకు ఎరువుగోతికి పోవలెను. పండుగ మంటను కప్పులకు దూరముగా, దగ్గఱ నీళ్ల కడవలు పెట్టుకొని వేయవలెను. ఈలోగా తొమ్మిది, పది తరగతులవారు ప్రతివారును తమ యింటి గోడనుండి గడ్డికుప్పకు, కట్టెలకు, దడికి ఎన్ని అడుగులున్నవో కొలిచి, పల్లపు దిక్కును గుర్తించి ఒక కాగితముమీద పటము గీసి తేవలెను. వచ్చు సోమవారము తెలుగు తరగతిలో వానిని చూతుము.