ఓడిన రోజు చప్పట్లు

1999 జనవరి 31, ఆదివారం. చెన్నై చెపాక్ స్టేడియంలో పాకిస్తాన్‌తో టెస్టు మ్యాచ్ నాలుగో రోజు. మనం గెలవాలంటే 271 పరుగులు కావాలి. 82 పరుగులకే 5 వికెట్లు పడిపోయాయి. అక్కడి నుంచి నయన్ మోంగియాను వెంటబెట్టుకుని సచిన్ బండి లాక్కొచ్చాడు. నడుం నొప్పితో మొహం ముడుచుకుపోతున్నా ఆపలేదు. 136 చేశాడు. స్కోరు 254కి చేరింది. ఇంకా 17 పరుగులు చాలు, చేతిలో 4 వికెట్లున్నాయి. అదిగో, అప్పుడు సక్లయిన్ ముస్తాక్ బంతిని గాల్లోకి లేపాడు. అది వెళ్ళి వసీం అక్రమ్ చేతుల్లో పడింది. ఆ తర్వాత మిగిలిన వాళ్ళంతా కలిసి చేర్చింది 4 పరుగులు. 12 పరుగుల తేడాతో ఓడిపోయాం.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఈ అంకెలన్నీ కంఠతా వచ్చు. ఆ రోజు టీవీ కట్టేసి, అన్నం కూడా తినకుండా ముసుగుతన్ని పడుకున్నవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమందో! వాళ్ళు టీవీ కట్టేయడం వల్ల చూడలేకపోయిన ఓ పది నిమిషాలున్నాయి. ఈ వారం కబుర్లు ఆ పది నిమిషాల గురించే.

శ్రీనాథ్ వికెట్ పడగానే స్టేడియంలో సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. పాక్ ఆటగాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకుంటున్నారు. ఎక్కడో ఓ మూల చప్పట్లు మొదలయ్యాయి. పక్క స్టాండు అందుకుంది. చూస్తుండగానే జనం లేచి నిలబడ్డారు. వాళ్ళ చప్పట్లు పాకిస్తాన్ జట్టు కోసమే! ఆ ఆటగాళ్ళకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అందరూ కలిసి మైదానం చుట్టూ పరుగు తీశారు, గెలిచిన జట్టు సొంతగడ్డ మీద తిరిగినట్టు. తిరిగినంతసేపూ చప్పట్లు ఆగలేదు. వసీం అక్రమ్ ఆ రోజును ఆ తర్వాత చాలాసార్లు తలుచుకున్నాడు.

అసలా మ్యాచ్ ఎలాంటి పరిస్థితుల్లో జరిగిందో గుర్తుందా? 1987 తర్వాత పాకిస్తాన్ జట్టు టెస్టు సిరీస్ కోసం మన దేశానికి రావడం అదే మొదలు. రానివ్వం అంటూ శివసేన బెదిరింపులు. అదే నెలలో ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా మైదానంలో పిచ్‌ని తవ్విపారేశారు. దాంతో ఢిల్లీలో జరగాల్సిన మొదటి టెస్టు చెన్నైకి, చెన్నై టెస్టు ఢిల్లీకి మారాయి. అంటే చెపాక్ ప్రేక్షకులు పోలీసుల తనిఖీలు దాటుకుని, ఏం జరుగుతుందోనన్న గుబులుతోనే లోపలికొచ్చారు. పోనీ వాళ్ళకి గెలుపోటముల పట్టింపు లేదా అంటే అదీ కాదు. సచిన్ ఒక్కో పరుగు తీస్తుంటే గొంతులు పోయేలా అరిచినవాళ్ళే. అందుకే ఆ చప్పట్లకి అంత విలువ. మనకి సంబంధం లేని మ్యాచ్‌లో ఎవరికైనా చప్పట్లు కొట్టొచ్చు, ఖర్చేముంది? గుండె రాయి చేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ కొట్టాల్సి రావడమే కష్టం.

చెన్నైవాళ్ళు చదువుకున్న ప్రేక్షకులండీ, వాళ్ళకి ఆట తెలుసు... అని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. ఊరికి కితాబు ఇచ్చేయడం తేలిక. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

మూడు వారాలు తిరగకుండానే అవే రెండు జట్లు కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో తలపడ్డాయి. పరుగు తీస్తూ షోయబ్ అఖ్తర్‌ని ఢీకొని సచిన్ రనౌటయ్యాడు. అది అన్యాయం అనుకున్నారు ప్రేక్షకులు. సీసాలు, పళ్ళు గ్రౌండ్‌లోకి వచ్చిపడ్డాయి. సచినే స్వయంగా మైదానం చుట్టూ తిరిగి శాంతించమని బతిమాలాల్సి వచ్చింది. చివరి రోజు మళ్ళీ అదే గొడవ. ఇక లాభం లేదని పోలీసులు స్టేడియం మొత్తం ఖాళీ చేయించారు. ఖాళీ కుర్చీల మధ్య పాకిస్తాన్ 46 పరుగుల తేడాతో గెలిచింది. ఈసారి పరుగు తీసి చూపించడానికీ, చప్పట్లు కొట్టడానికీ మనిషన్నవాడు లేడు.

మరి చెన్నై మంచిది, కోల్‌కతా చెడ్డదా? ఆగండి. 2013లో రాజకీయ ఉద్రిక్తతల వల్ల ఐపీఎల్ మ్యాచ్‌ల్లో శ్రీలంక ఆటగాళ్ళెవరూ చెన్నైలో ఆడొద్దని నిర్ణయం తీసుకున్నారు. 2018 ఏప్రిల్‌లో కావేరీ జలాల ఆందోళన సమయంలో గ్రౌండ్‌లోకి చెప్పులు విసిరారు. చెన్నై జట్టు తన సొంత మ్యాచ్‌లని పుణెకి మార్చుకుంది. ఇదీ ఆ చెపాక్ స్టేడియమే! కాబట్టి మంచితనం అనేది ఊరికి రాసిచ్చిన పట్టా ఏమీ కాదు. ఆ రోజు ఆ స్టాండ్లో కూర్చున్నవాళ్ళు ఏం చేశారన్నదే లెక్క.

సరిహద్దుకి అవతల కూడా ఇలాంటి రోజొకటుంది. 2004 మార్చి 13, కరాచీ. మనవాళ్ళు 349 కొట్టారు. పాకిస్తాన్ వెంటపడి వెంటపడి 344 దగ్గర ఆగింది. ఇంజమామ్ 122 చేసినా ఫలితం లేకపోయింది. 5 పరుగుల తేడాతో సొంత జట్టు ఓడింది, అదీ భారత్ మీద! అయినా కరాచీ ప్రేక్షకులు లేచి నిలబడి మనవాళ్ళకి చప్పట్లు కొట్టారు. చెపాక్ బాకీ వడ్డీతో సహా తీర్చేశారని మురిసిపోయాం. ఆ పర్యటనకి వెళ్ళేముందు ప్రధాని వాజ్‌పేయి మన ఆటగాళ్ళకి, ఆటే కాదు మనసులూ గెలుచుకు రండని చెప్పి పంపారు. చిత్రంగా అక్కడి జనం మనసు దోచింది సచినో, సెహ్వాగో కాదు... ఎప్పుడూ నవ్వుతూ ఉండే మన చెన్నై కుర్రాడు లక్ష్మీపతి బాలాజీ. అతను బంతి అందుకుంటే చాలు, కాస్త మెల్లగా రావయ్యా అని పాటలు కట్టి మరీ పాడారు. మన హైదరాబాదీ లక్ష్మణ్ లాహోర్‌లో 107 కొట్టి సిరీస్ గెలిపించిందీ ఆ పర్యటనలోనే.

హైదరాబాదీ అంటే గుర్తొచ్చింది. మన ఉప్పల్ సంగతి చెప్పుకోకపోతే ఎలా? 2023 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ జట్టు దాదాపు రెండు వారాలు హైదరాబాద్‌లోనే ఉంది. అక్టోబర్ 10న ఉప్పల్‌లో శ్రీలంకతో మ్యాచ్. శ్రీలంక 344 కొడితే, పాక్ 4 వికెట్లే కోల్పోయి కొట్టేసింది. ప్రపంచకప్ చరిత్రలో అంత పెద్ద స్కోరును ఛేదించడం అదే మొదలు. అబ్దుల్లా షఫీక్ 113, రిజ్వాన్ నాటౌట్ 131. పాక్ అభిమానులకి వీసాలు దాదాపుగా రాలేదు కాబట్టి గ్యాలరీల్లో గొంతు చించుకున్నది మనవాళ్ళే. రావల్పిండిలో ఆడినట్టే ఉందన్నాడు రిజ్వాన్. బిరియానీ గురించి ఎన్ని కబుర్లు వచ్చాయో మీకు తెలిసిందే.

ఉప్పల్‌ని మెచ్చుకోవాల్సిందే. కానీ ఆ రోజు మన జట్టు ఆడలేదన్నది మర్చిపోకూడదు. నాలుగు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో మనతో ఆడినప్పుడు అదే రిజ్వాన్ అవుటై వెళుతుంటే వినిపించిన నినాదాలు వేరు. నవంబర్ 19న అదే స్టేడియంలో ఫైనల్. ట్రావిస్ హెడ్ సెంచరీ కొడితే అంతపెద్ద స్టేడియం మూగబోయింది. అంతటి జనాన్ని నోరెత్తకుండా చేయడంలో ఉన్న తృప్తే వేరని ముందురోజే చెప్పాడు ఆసీస్ కెప్టెన్ కమిన్స్. చెప్పినట్టే చేసి వెళ్ళాడు.

అసలు తమాషా ఇక్కడుంది. నవంబర్‌లో మన కలలు కూల్చిన ఆ కమిన్స్‌ని డిసెంబర్‌లో 20.5 కోట్లు పోసి కొనుక్కుంది సన్‌రైజర్స్. ఆ హెడ్ కూడా అదే వేలంలో మనకే వచ్చాడు. మార్చికల్లా ఇద్దరూ మనవాళ్ళయిపోయారు! నారింజ రంగు చొక్కాలేసుకుని పిల్లలు 'హెడ్... హెడ్' అని అరుస్తుంటే, నాలుగు నెలల క్రితం ఇదే ఇంట్లో ఆ పేరు ఎత్తితే ఏమయ్యేదో తలుచుకుని నవ్వొచ్చింది. క్లాసెన్ సంగతీ అంతే. మే వరకు అతను సిక్స్ కొడితే ఈలలు. జూన్ 29న ప్రపంచకప్ ఫైనల్లో సిక్స్ కొడితే శాపనార్థాలు. ఆ క్లాసెన్‌ని అవుట్ చేసిందెవరు? హార్దిక్ పాండ్యా. ముంబై కెప్టెన్ అయినందుకు ఆ ఐపీఎల్ అంతా ఊరూరా ప్రేక్షకులు గేలి చేసిన హార్దిక్. అహ్మదాబాద్‌లో చేశారు, మన ఉప్పల్‌లోనూ చేశారు, చివరికి సొంతూరు వాంఖడేలోనూ చేశారు. టాస్ వేళ మైకు పట్టుకున్న సంజయ్ మంజ్రేకర్, కాస్త మర్యాదగా ఉండండని ప్రేక్షకులకి చెప్పాల్సి వచ్చింది. జులై 4న కప్పుతో అదే వాంఖడేకి వస్తే 'హార్దిక్... హార్దిక్' అని హోరెత్తించారు. మన ద్వేషాలకి ఆయుష్షు ఎంతో చూశారా? వేలంపాటకి వేలంపాటకి మధ్య మారిపోయేవే సగం.

వెక్కిరింత అసలే ఉండకూడదా? అలా అంటే స్టేడియం గుళ్ళో భజనలా ఉంటుంది. తొడగొట్టడం, కేకలు, పక్క ఊరి జట్టు మీద జోకులు... ఇవన్నీ టికెట్ డబ్బుల్లో భాగమే. హద్దు ఎక్కడుందో తెలియాలంటే మన సిరాజ్‌ని అడగాలి. 2020 నవంబర్‌లో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయాడు. ఆటో నడిపి కొడుకుని క్రికెటర్‌ని చేసిన తండ్రి. ఆఖరిచూపుకి కూడా రాకుండా జట్టుతోనే ఉండిపోయాడు సిరాజ్. జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర నిలబడితే గ్యాలరీలోంచి జాతి పేరుతో తిట్లు. వెళ్ళి అంపైర్లకి చెప్పాడు. ఆట ఆగింది. పోలీసులు ఆరుగురిని స్టేడియం నుంచి బయటికి పంపించారు. తిట్టడం నిజమేనని ఆస్ట్రేలియా బోర్డు విచారణలోనూ తేలింది. తర్వాతి టెస్టులో అయిదు వికెట్లతో బదులిచ్చాడనుకోండి, అది వేరే కథ. 2024 డిసెంబర్‌లో అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్‌ని అవుట్ చేసి, పెవిలియన్‌కి దారి చూపించినందుకు అక్కడి జనం మళ్ళీ సిరాజ్‌ని గేలి చేశారు. బంతి అందుకున్నప్పుడల్లా చేశారు. దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. రెండూ అరుపులే. ఒకటి అతను చేసినదానికి, ఇంకోటి అతని పుట్టుకకి.

స్టేడియంలో అయితే పోలీసులుంటారు. ఫోన్లో ఎవరుంటారు? 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో 10 వికెట్ల తేడాతో ఓడిపోతే, పదకొండుమందిలో షమీని వెతికి పట్టుకుని మరీ తిట్టారు. అతనికి అండగా నిలిచిన కోహ్లీ పసిపాపకి సైతం బెదిరింపులొచ్చాయి. ఏడాది తిరక్కుండానే క్యాచ్ వదిలేసిన అర్ష్‌దీప్ వంతు. ఇవి రాసినవాళ్ళంతా రౌడీలనుకుంటే పొరపాటు. రాత్రి అన్నం తిని, పిల్లల హోంవర్క్ చూసి, ఆనక ఫోన్ తీసుకునేవాళ్ళూ ఉంటారు. పిల్లలు పక్కనే కూర్చుని చూస్తూంటారు కూడా.

2025 సెప్టెంబర్‌లో ఆసియా కప్‌లో మనవాళ్ళు పాక్ ఆటగాళ్ళతో చేతులు కలపలేదు. ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని చంపేశాక కరచాలనం ఎలా అన్నవాళ్ళున్నారు, ఆడటానికి లేని అభ్యంతరం చెయ్యి కలపడానికేమిటి అన్నవాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లోనూ ఈ వాదన జరిగే ఉంటుంది. ఆ కోపాన్ని తప్పుపట్టలేం. కాకపోతే అది ఎవరి మీదికి వెళ్ళిందన్నదే నాకు మింగుడుపడని విషయం.

హర్యానాలో ఓ పల్లెటూరి తల్లి. పేరు సరోజ్ దేవి. 2024 ఆగస్టు 8న పారిస్ ఒలింపిక్స్ జావెలిన్‌లో పాకిస్తాన్ కుర్రాడు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరి బంగారం గెలిచాడు. ఆమె కొడుకు నీరజ్ చోప్రాకి 89.45 మీటర్లతో వెండి. విలేకరులు మైకులు పెడితే, బంగారం గెలిచినవాడూ మా అబ్బాయే కదా అంది. అవతల నదీమ్ తల్లి కూడా, నీరజ్ నాకు కొడుకు లాంటివాడే అంది. దేశమంతా ఆ ఇద్దరు తల్లుల్ని నెత్తిన పెట్టుకుంది.

ఎనిమిది నెలలు గడిచాయి. బెంగళూరులో తన పేరుతో జరిగే పోటీలకి రమ్మని ప్రపంచంలోని మేటి జావెలిన్ ఆటగాళ్ళందరికీ నీరజ్ ఆహ్వానాలు పంపాడు. అందులో నదీమ్ ఒకడు. మర్నాడే పహల్గాం ఘోరం జరిగింది. ఇక మొదలయ్యాయి తిట్లు. నీరజ్ దేశభక్తినే ప్రశ్నించారు. వాళ్ళమ్మనీ వదల్లేదు. పిలుపు దాడికి ముందే వెళ్ళిందని, ఇప్పుడు నదీమ్ వచ్చే ప్రశ్నే లేదని నీరజ్ ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఏడాది క్రితం మా అమ్మ అమాయకంగా అన్న మాటకి మెచ్చుకున్నవాళ్ళే ఇవాళ అదే మాటకి ఆమెను తిడుతున్నారని అందులో బాధపడ్డాడు.

వాయిదా పడ్డ ఆ పోటీలు చివరికి 2025 జులై 5న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో జరిగాయి. నీరజ్ 86.18 మీటర్లు విసిరి గెలిచాడు. నదీమ్ రాలేదు.