పళ్ళ డాక్టరు గారూ, మెయింటెనెన్స్ సంగతి ముందే చెప్పొచ్చు కదా!

మొన్న శనివారం పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళా. కింది వరసలో ముందు పళ్ళు రెండు ఒకదాని మీదకొకటి ఎక్కుతున్నాయి. ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో క్లిప్పులు పెట్టించుకుని, రెండేళ్ళ పాటు మురుకులూ జామకాయలూ మానేసి, వరసలోకి తెచ్చుకున్న పళ్ళే ఇవి. ఆ డబ్బు కోసం నాన్న పీఎఫ్ మీద లోను తీసుకున్నారు.

నేను కుర్చీలో కూర్చోకముందే రిసెప్షన్లో అడిగిన మొదటి ప్రశ్న "ఏ కంపెనీ సార్?" అని. నోరు చూడకముందే జేబు చూశారన్నమాట. తర్వాత నోట్లో స్కానర్ తిప్పి, నా పళ్ళని స్క్రీన్ మీద గిరగిరా తిప్పి చూపించి, తేల్చిన లెక్క 1 లక్షా 20 వేలు. పైనా కిందా కలిపి అలైనర్లు. "పై పళ్ళు బానే ఉన్నాయి కదండీ" అన్నా. "రెండూ కలిపే ప్యాకేజీ సార్, ఈఎమ్ఐ ఉంది, మీకో లెక్కా?" అన్నారు.

అక్కడ కాలింది నాకు.

అసలు విషయానికొస్తే, క్లిప్పులు తీసేశాక పళ్ళు కదలడం కొత్త రోగం కాదు, వింత అంతకన్నా కాదు. పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. వేరు చుట్టూ సన్నని నారల్లాంటివి దాన్ని ఎముకకి పట్టి ఉంచుతాయి, చిగుళ్ళలోనూ ఇలాంటివే ఉంటాయి. క్లిప్పులతో పన్నుని జరిపినప్పుడు ఇవన్నీ సాగుతాయి. కొత్త చోటుకి అలవాటు పడటానికి కొన్నిటికి నెలలు చాలు, చిగుళ్ళలో ఉండే సాగే నారలకి ఏడాది పైనే పట్టొచ్చు. ఈలోపు పట్టి ఉంచేది లేకపోతే పన్ను పాత చోటుకే లాగబడుతుంది. అది చాలదన్నట్టు, జన్మలో క్లిప్పులు పెట్టుకోని వాళ్ళకి కూడా వయసుతో పాటు కింది ముందు పళ్ళు ఇరుకవుతాయి. జ్ఞానదంతం తోసేస్తోందనే మాట ఇంటింటా వింటాం గానీ, పరిశోధనలు దాన్ని బలపరచలేదు.

ఇది డాక్టర్లకి తెలీదా అంటే, ఎప్పుడో తెలుసు. అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం, నాలుగు పళ్ళు తీయించి క్లిప్పులు పెట్టిన 65 మందిని రిటైనర్ ఆపేసిన పదేళ్ళ తర్వాత పరీక్షించి 1981లో ఫలితాలు ప్రచురించింది. కింది ముందు పళ్ళు సరిగ్గా నిలిచినవాళ్ళు 30 శాతం కూడా లేరు. 1988లో వచ్చిన తరువాతి పరిశోధనలో, ఇరవై ఏళ్ళ దగ్గర అది సుమారు 10 శాతానికి పడిపోయింది. అంటే రిటైనర్ మానేస్తే పళ్ళు కదలడమే మామూలు, కదలకపోతే అదృష్టం.

మరి నాకేం చెప్పారు? "ఆరు నెలలు రాత్రిపూట వేసుకో బాబూ, చాలు." అంతే! మన ఫీల్డులో ఎవడైనా ప్రాజెక్టు డెలివర్ చేసి, సపోర్ట్ లేకపోతే కూలిపోతుందని తెలిసీ క్లయింటుకి చెప్పకుండా, కూలాక మళ్ళీ మొత్తం రాస్తామని ఫుల్ బిల్లు పంపితే ఊరుకుంటామా? ఇక్కడ మాత్రం తలూపి ఈఎమ్ఐ ఫారం నింపుతున్నాం.

"రిటైనర్ పోగొట్టుకుంది నువ్వే కదా" అంటారేమో. నిజమే. ఆఫీసు ఫుడ్ కోర్టులో టిష్యూ పేపర్లో చుట్టి పక్కన పెట్టి, ప్లేటుతో పాటు చెత్తబుట్టలో వేసేశా. అది నా తప్పే. కానీ ఆరు నెలలు ఎప్పుడో దాటాయి కాబట్టి "పోతే పోయిందిలే" అనుకున్నా. ఉన్నంత కాలం రాత్రిపూట వేసుకోవాలని ఆ రోజే చెప్పి ఉంటే మర్నాడే కొత్తది చేయించుకునేవాణ్ణి. అప్పుడైతే కొన్ని వేలతో పోయేది.

సరే, కోపం పక్కన పెడదాం. ఇంకో ఆర్థోడాంటిస్టు దగ్గరకి వెళ్తే తెలిసిందేంటంటే, కొద్దిగా కదిలిన పళ్ళకి దారులు చాలానే ఉన్నాయి, చవక నుంచి ఖరీదు దాకా మెట్లలాగా.

మొదటి మెట్టు పాత రిటైనర్. అది ఇంకా ఉండి, కాస్త బిగుతుగా అయినా పూర్తిగా కూర్చుంటే, డాక్టరుకి చూపించి మళ్ళీ మొదలెట్టొచ్చు. కూర్చోకపోతే బలవంతంగా నొక్కొద్దు. రెండోది, ఉన్న పళ్ళు ఇంకా జరక్కుండా కొత్త రిటైనర్ చేయించుకోవడం. కొంచెం వంకర మీకు అభ్యంతరం కాకపోతే కథ అక్కడితో ముగించొచ్చు, అదేం నేరం కాదు. మూడోది, ముందు పళ్ళ వరకే వైద్యం. స్ప్రింగు ఉన్న ప్లేటు, ఆరు పళ్ళకే క్లిప్పులు, లేదా ఒక్క వరసకి కొద్దిపాటి అలైనర్లు. నాకు పడింది ఇదే. కింద ప్లేటు, అయ్యాక పళ్ళ వెనకాల అతికించే సన్నని తీగ, రెండూ కలిపి 14 వేలు. 1 లక్షా 20 వేలెక్కడ, ఇదెక్కడ! కొరుకు మారిపోయినా, పళ్ళు బాగా తిరిగిపోయినా మాత్రం పూర్తి వైద్యం తప్పదు, అది ఒప్పుకుంటా.

డబ్బు మరీ ఇబ్బందైతే డెంటల్ కాలేజీలు ఉన్నాయి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ కాలేజీలున్నాయి. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. టైము పడుతుంది, వర్కింగ్ డేస్ లోనే వెళ్ళాలి, కాబట్టి సెలవులు కొన్ని ఖర్చు పెట్టాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి కూడా యూనివర్సిటీ డెంటల్ స్కూళ్ళు ఇలాంటి దారే.

చవకని చెప్పి చేయకూడనివీ ఉన్నాయి. యూట్యూబ్ చూసి పళ్ళ సందు మూయడానికి రబ్బరు బ్యాండు వేసుకోకండి. అది చిగురు కిందకి జారి వేరు చుట్టూ ఎముకని తినేస్తుంది, మంచి పన్ను ఊడిపోతుంది. డాక్టరు ఎదురుగా చూడకుండా ఇంటికే అలైనర్లు పంపే వ్యాపారం సంగతి కూడా చూశాం. స్మైల్ డైరెక్ట్ క్లబ్ 2023 సెప్టెంబరులో దివాలా పిటిషన్ వేసి, డిసెంబరులో మూసేసింది, వైద్యం మధ్యలో ఉన్నవాళ్ళు మధ్యలోనే మిగిలారు. పన్ను ఊగుతున్నా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తున్నా అది చిగుళ్ళ జబ్బు కావచ్చు. ముందు దాని సంగతి చూడకుండా పళ్ళు జరపడం ప్రమాదం.

ఇక నా డిమాండ్లు. క్లిప్పులు పెట్టే రోజే, ఎస్టిమేట్ కాగితం మీదే, రిటైనర్ ఖరీదు, ఎన్నాళ్ళు వేసుకోవాలి, పోతే ఎంతవుతుంది అన్నవి రాసివ్వాలి. చివర్లో తీసిన స్కాన్ ఫైలు పేషెంటుకి ఇచ్చెయ్యాలి, రేపు రిటైనర్ పోయినా దాంతో ఎక్కడైనా కొత్తది చేయించుకోవచ్చు. డబ్బు నాది, పళ్ళు నావి, ఫైలు మాత్రం వాళ్ళదా?

వాళ్ళు ఇవ్వరు, మనమే అడగాలి. మా చెల్లికి వచ్చే నెల క్లిప్పులు తీస్తున్నారు. అడగాల్సినవి కాగితం మీద రాసిచ్చి పంపిస్తున్నా. ఈసారి కూడా కట్టింది నాన్నే మరి.

ఇంతకీ, క్లిప్పులు పెట్టించుకున్న మహానుభావులూ, మీ రిటైనర్ ఇప్పుడెక్కడుంది?