ఆరోగ్యము: కృత్రిమపు కాలికి ఇంటిలో పరీక్ష



మోకాలికి దిగువను కాలు తీసివేయవలసి వచ్చినవారు మన కృష్ణా మండలములో అరుదు గారు. కొందఱికి ఈ యవస్థ రహదారి ప్రమాదములవలన వచ్చును. మఱికొందఱికి మధుమేహమువలన మానని పుండ్లచే వచ్చును. అట్టివారికి నేడు కృత్రిమపు కాలు దొరకుట దుర్లభము కాదు. కాని కాలు దొరకుట యొకటి, దానితో దినము గడచుట వేఱొకటి. ఎంతో యాశతో తెచ్చుకొన్న కాలు కొన్ని నెలలకే అటుక యెక్కుటయు గలదు. "పాపము, ఆమెకు అలవాటు పడలేదు" అని యింటివారు సరిపెట్టుకొందురు. లోపము ఆమెయందున్నదో, కాలియందున్నదో విచారించువారు తక్కువ. ఆ విచారణకే పరీక్ష యని పేరు. అందు సగము వైద్యశాలలో జరుగును; తక్కిన సగము మన యిండ్లలో జరుగవలెను.

వైద్యశాలలో జరుగునది మొదట చెప్పెదను. మిగిలిన కాలి చర్మమును, మోకాలు వంగి చాగు తీరును చూతురు. నిలువబెట్టి, రెండు ప్రక్కల తుంటియెముకలు సమముగా నున్నవో లేవో చూచి, కృత్రిమపు కాలి పొడవు సరియైనదో కాదో నిర్ణయింతురు. మిగిలిన కాలిని దూర్చు తొడుగును సాకెట్టు అందురు. శరీరభారము ముఖ్యముగా మోకాటిచిప్ప క్రింద త్రాడువలె నుండు స్నాయువుమీదను, చుట్టునున్న కండలమీదను పడవలెను. ముంగాలి యెముక యంచుమీదను, మోకాటికి వెలుపలి దిక్కున చేతికి తగులు ఎముక బుడిపెమీదను ఒత్తిడి పడరాదు. తొడుగు తీసిన పిమ్మట చర్మముపై ఎఱుపు ఎక్కడ నున్నదో చూచినచో భార మెక్కడ పడుచున్నదో తెలియును.

పిదప నడక పరీక్ష. కుర్చీనుండి లేచి, 3 మీటర్లు నడచి, తిరిగివచ్చి కూర్చుండుటకు ఎన్ని సెకనులు పట్టునో గడియారముతో లెక్కింతురు. మోకాలి దిగువను కాలు పోయినవారిలో 19 సెకనులుగాని అంతకు మించిగాని పట్టినవారు మాటిమాటికి పడు ప్రమాద మెక్కువయని 2007లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. 2 నిమిషములలో నెంత దూరము నడువగలరో కొలుచుటయు గలదు. తొడుగు ఎంత సుఖముగా నున్నదో 0 మొదలు 10 వఱకు గల అంకెలలో నొకటి చెప్పుమని తొడుగుకొనినవారినే యడుగుదురు.

ఇవి మంచి పరీక్షలే. అయినను ఇవి చదునైన నేలమీద, కుర్చీ యాధారముగా జరుగునవి. మన గృహిణికి దినమంతయు కుర్చీమీద గడవదు. ఆమె వేకువనే వాకిట ముగ్గు వేయుటకు వంగవలెను, పీటమీద కూర్చుండి కూర తరుగవలెను, తడిసిన స్నానపుగదిలో అడుగిడవలెను, గడపలు దాటవలెను. పల్లెలో నున్నచో కాలువ రేవు మెట్లు దిగవలెను. నాట్ల కాలమున జారుడు గట్లమీద నడచి బురదలో దిగవలెను. విజయవాడలో నున్నచో బస్సు మెట్లెక్కవలెను. వైద్యశాలలో 12 సెకనులలో నడచి వచ్చినామె యింట నేలమీద కూర్చుండి లేవలేకపోయినచో ఆ పరీక్ష నెగ్గినట్లా, ఓడినట్లా?

ఇట్టి ప్రశ్ననుండియే మన దేశములో నొక పాదము పుట్టినది. జయపురములోని సవాయి మాన్‌సింగ్ వైద్యశాలలో డాక్టరు ప్రమోద్ కరణ్ సేథీగారును, శిల్పియగు పండిత రామచంద్ర శర్మగారును 1968 ప్రాంతమున రబ్బరు పాదమును రూపొందించిరి. అంతకుముందున్న పాశ్చాత్య పాదము బూటులో నుండుటకై చేయబడినది. గొంతుకూర్చుండుటకు తగినట్లు వంగదు. జైపూరు పాదము వట్టికాళ్లతో నడచుటకును, గొంతుకూర్చుండుటకును, బాసింపట్టు వేసికొనుటకును, తడి పొలములో దిగుటకును అనుకూలముగా చేయబడినది. సేథీగారికి 1981లో రామన్ మెగసెసే బహుమాన మొసగిరి.

అదే 1981లో తమిళదేశమున జరిగిన బస్సు ప్రమాదమువలన కాలు కోల్పోయిన నర్తకి సుధా చంద్రన్ ఈ జైపూరు పాదముతోనే 1984లో మరల రంగస్థల మెక్కెను. ఆమె కథయే సింగీతం శ్రీనివాసరావుగారి దర్శకత్వమున 'మయూరి' యను తెలుగు చలనచిత్రమైనది. అందు తన పాత్రను తానే ధరించెను. ఆమెకు నృత్యము కావలెను గనుక నృత్యమే ఆమె పాదమునకు పరీక్ష. మన యింటి యామెకు కావలసినది తులసికోట చుట్టు ప్రదక్షిణము కావచ్చును, మనుమని చంకనెత్తుకొనుట కావచ్చును. ఎవరికి కావలసిన పని వారికి కొలత.

ఇక ఇంటి పరీక్ష. రాత్రి కాలు తీసిన వెంటనే చర్మమును చూడవలెను. ఎఱుపు పది పదునైదు నిమిషములలో మాసిపోయినచో భయము లేదు. మాయకున్నను, బొబ్బ లేచినను, తొడుగుట మాని వైద్యశాలలో చూపవలెను. మధుమేహము గలవారికి స్పర్శ తగ్గియుండవచ్చును గనుక నొప్పి లేదని నమ్మియుండరాదు. కాలి చివర భాగమును చేతియద్దములో చూడవలెను. రెండవ పాదమును గూడ అట్లే చూడవలెను. దానికిని అదే ప్రమాదము పొంచియున్నది. మిగిలిన కాలిని రాత్రివేళ సబ్బుతో కడిగి పొడిగా తుడువవలెను. ఉదయము కడిగి తడి ఆరకముందే తొడిగినచో చర్మము ఒరసికొనును. మన డెల్టా వేసవిలో చెమట యధికము గనుక మేజోళ్లు ప్రతిదినము ఉదికినవి కావలెను. కాలు తీసిన తొలి సంవత్సరమున మిగిలిన భాగము చిక్కిపోవును, తొడుగు వదులగును. అప్పుడెన్ని మేజోళ్లు వేయవలసి వచ్చుచున్నదో చెప్పినచో క్రొత్త తొడుగు కావలెనో లేదో పరీక్షించువారికి తెలియును.

ఒక వారము దినములు కాగితముమీద మూడు సంగతులు వ్రాయుడు: కాలు ఎన్ని గంటలు తొడిగినది, ఎన్నిమారులు తూలినది లేక పడినది, ఏ యే పనులు మానుకొన్నది. మూడవది మిక్కిలి ముఖ్యము. పడుదునను భయముతో గడప దాటుట మానినామె యెన్నడును పడదు. అంతమాత్రమున ఆమె కాలు బాగుగా నున్నదని కాదు.

స్త్రీల విషయమున మఱొక చిక్కు గలదు. చీర కుచ్చెళ్లు కాలిని కప్పివేయును. మోకాలు కనబడనిదే నడకలోని వంకర పరీక్షించువారికి తెలియదు. సిగ్గుచేత ఆమె చీర యెత్తదు. మొగమాటముచేత నొప్పి చెప్పదు. "బాగుగానే యున్నది" అని తిరిగివచ్చును. కనుక మోకాటివఱకు మడువదగిన వస్త్రము తీసికొని, ఇంటి ఆడవారొకరు తోడుపోవలెను. దినమును తొడుగు చెప్పులు గూడ తీసికొనిపోవలెను. మడమ యెత్తు మాఱినచో కాలి యమరికయు మాఱును. "మా అత్తగారు పీటమీద కూర్చుండి లేవలేకున్నారండీ, దీనికేమైన చేయగలరా?" అని కోడలు అడిగినచో అది ధిక్కారము కాదు, ఆ మాటయు పరీక్షలో భాగమే. అన్నియు సాధ్యము కాకపోవచ్చును. సాధ్యము కానిచోట స్నానపుగదిలో గోడకు చేతిపట్టు కడ్డీయు, వంటయింట ఎత్తైన పీటయు అమర్చుట మన చేతిలోనిదే.

ఇట్టివారు మీ యింటనో, ఇరుగుపొరుగుననో యున్నచో ఆ కాగితమును ఈ వారమే మొదలిడుడు.